నత్తల బకెట్లో నారింజ రంగు

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో నూట నలభై మంది పనిచేస్తారు. వాళ్ళకు రోజూ వండిపెట్టే మనిషిని అందరూ క్యాంటీనమ్మ అంటారు. యాభై రెండేళ్ళుంటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. యంత్రాలన్నీ ఒక్కసారి తిరుగుతున్నా ఆమె భోజనాలకు పిలిస్తే చివరి గదిలో కట్టలు కట్టేవాళ్ళకు కూడా వినపడుతుంది. ఆమె ఉండగా ఆ ప్రెస్సులో ఎవరూ ఖాళీ కడుపుతో పనిచేసిన పాపాన పోలేదు. ఒకసారి బైండరు ఒకడు మేనేజరు మీద అలిగి భోజనం మానేశాడు. ఆమె కంచం తీసుకెళ్ళి వాడి పక్కన పెట్టి, కోపం మేనేజరు మీదైతే అన్నం ఏం పాపం చేసిందని నిలదీసి, వాడు ఆఖరి ముద్ద మింగేదాకా అక్కడినుంచి కదల్లేదు.

ఇంత గొప్ప మనిషికీ ఒక లోపం ఉంది. తక్కువ వండటం చేతకాదు. ఇంట్లో ఉన్నది ముగ్గురే, చెయ్యేమో నూట నలభై మందికి అలవాటు పడింది. ఉప్పు డబ్బాలో ఆ చెయ్యి పడిందంటే ఆ పూట కూర సంగతి దేవుడెరుగు. సిటీబస్సు నడిపే మొగుడు నోట్లో వేలు పెడితే కొరకని మనిషి కాబట్టి, రెండు గ్లాసుల నీళ్ళు ఎక్కువ తాగి సర్దుకుపోయేవాడు. సర్దుకుపోనిది మూడో మనిషి, వదిన. అంటే డ్రైవరుగారి అక్క.

వదినను చుట్టుపక్కల అందరూ కాజాలక్క అంటారు. వీధి చివర దర్జీ మాస్టరు దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు చొక్కాలకు కాజాలు కుట్టింది. ఆవిడ కాజాలోంచి బొత్తం జారిందని ఎవరూ అనలేదు, అనే ధైర్యమూ ఎవరికీ లేదు. తల్లి పోయేనాటికి ఆవిడకు పదహారేళ్ళు, తమ్ముడికి ఏడు. తండ్రి అంతకుముందే పోయాడు. తమ్ముణ్ణి తనే పెంచి, డ్రైవరు ఉద్యోగంలో పెట్టి, పెళ్ళి చేసింది. తన పెళ్ళి ఊసు మాత్రం ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఆవిడకు మాట తక్కువ, చూపు ఎక్కువ. రుచి చూసి ఏమీ అనకుండా గిన్నెను రెండంగుళాలు అవతలికి జరిపితే చాలు, మరదలికి ఆ రోజంతా మనసు మనసులో ఉండేది కాదు.

ఇంట్లో వంట ఏడాది పొడవునా మరదలిదే, ఒక్క రోజు తప్ప. వానలు మొదలయ్యాక నత్తలు వండే రోజున వంటిల్లు వదినది. పొద్దున్నే లోపలికి వెళ్ళి తలుపేసుకునేది. నాలుగైదు గంటలు నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ బయటికి వచ్చేది కాదు. సాయం చేస్తానని మరదలు తలుపు తడితే, వెళ్ళి కూర్చోమని లోపలినుంచే జవాబు వచ్చేది. ఇరవై నాలుగేళ్ళుగా క్యాంటీనమ్మ ఆ ఒక్క రోజూ తన ఇంట్లో తనే చుట్టమై కుర్చీలో కూర్చుంది. నూట నలభై మందికి పనికొచ్చిన తన చెయ్యి ఈ ఇంట్లో గిన్నెడు నత్తలకు పనికిరాలేదే అని ఆమెకు చాలా బాధగా ఉండేది. మొగుడికి చెప్పుకుంటే, అక్క సంగతి నీకు తెలియనిదా అనేసి చల్లగా డ్యూటీకి జారుకునేవాడు.

ఈ ఏడు వదిన వేళ్ళు వణకడం మొదలైంది. కాజాలు మానేసి ఎనిమిది నెలలైంది. టీ కప్పు పట్టుకుంటే సాసరు మీద టకటకమంటోంది. వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున, ఊరి చివర ఆకుకూరల తోట ఉన్న ఆమె ఎప్పటిలాగే తినే రకం నత్తలు ఏరి గోనెసంచిలో తెచ్చింది. మందు కొట్టని మళ్ళలోంచి ఏరుతుందని వదినకు ఆమె మీదే నమ్మకం. వదిన ఆ సంచికేసి, తన చేతులకేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత మరదల్ని పిలిచింది.

"ఈసారి నువ్వు చెయ్యి అమ్మాయ్. వచ్చే ఆదివారం మాస్టరు భోజనానికి వస్తారు. ఆయన పంటికింద ఒక్క ఇసుక రేణువు తగిలినా ఇక ఈ ఇంట్లో నత్తల మాట ఎత్తకూడదు. ఇది మా అమ్మ వంట. చెడిపోతే చూడలేను."

క్యాంటీనమ్మకు ఒక పక్క కాళ్ళు నేలమీద నిలవలేదు, ఇంకో పక్క భయం. ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసిన వంటిల్లు చేతికొచ్చింది, అదీ ఒకే ఒక్క అవకాశం. ఇది పోతే మళ్ళీ లేదు.

పద్ధతంతా వదిన కుర్చీలో కూర్చుని చెప్పింది. ఒక్కొక్క నత్తనూ తాకి చూడాలి. కొమ్ములు ముడుచుకుని లోపలికి పోతే మంచిది, కదలకపోతే పారెయ్యాలి. గుల్ల పగిలినది, వాసన వచ్చేది పనికిరాదు. మిగిలినవాటిని మూతకు చిల్లులున్న బకెట్లో వేసి, పైన రాయి పెట్టాలి, లేకపోతే అవే మూత ఎత్తుకుని గోడెక్కుతాయి. రెండు రోజులు వట్టి పిండి మాత్రం చల్లాలి. ఆ తర్వాత ఐదు రోజులు ఏమీ పెట్టకూడదు. రోజూ బకెట్టు కడగాలి. నత్త ఏ రంగుది తింటే దాని రెట్ట ఆ రంగులో ఉంటుంది. పిండి తిన్నాక తెల్లగా వస్తుంది, తర్వాత ఏమీ రాదు. అప్పుడు కడుపు శుభ్రమైనట్టు, మట్టీ ఇసుకా పోయినట్టు. ఇంత చెప్పి వదిన గోడకేసి చూస్తూ, ఐదు రోజులు ఏమీ పెట్టకూడదన్న మాటను ఇంకోసారి చెప్పింది.

నూట అరవై రెండు నత్తలు లెక్కకొచ్చాయి. బకెట్టును వెనక బాల్కనీలో, బట్టలుతికే రాయి పక్కన పెట్టారు. ఆది, సోమవారాలు పిండితో సాఫీగా గడిచాయి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి క్యాంటీనమ్మ ప్రెస్సునుంచి వచ్చి, బకెట్టు కడుగుదామని మూత తీసింది. నత్తలన్నీ మూత అడుగున అతుక్కుని ఉన్నాయి. వెలుతురు తగలగానే ఒక్కొక్కటీ కొమ్ములు చాచి అటూ ఇటూ వెతకడం మొదలుపెట్టింది. క్యాంటీను కిటికీ తెరవగానే కంచాలు పట్టుకుని నిలబడే జనం ఆమెకు గుర్తొచ్చారు.

ఆమె మూత పెట్టేసింది. లోపలికి వెళ్ళి టీ పెట్టుకుంది. టీ తాగబుద్ధి కాలేదు. మళ్ళీ బయటికి వచ్చి, వదిన గదిలోకి తొంగి చూసి, రెండంటే రెండే పాలకూర కాడలు బకెట్లో పడేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. రెండు కాడలు నూట అరవై రెండింటికి ఏ మూలకూ చాలవని, కాబట్టి అది తిండి కింద లెక్క కాదని తనకు తనే నచ్చజెప్పుకుంది. ఆ వాదన ఆమెకు చాలా సబబుగా తోచింది.

బుధవారం రెట్ట ఆకుపచ్చగా ఉంది. అది తన నిర్వాకమే కాబట్టి గబగబా కడిగేసి, చెంపలేసుకుంది. గురువారం చూస్తే ఆకుపచ్చ ఇంకా ఎక్కువగా ఉంది, మధ్యమధ్య నారింజ రంగు తీగలు. ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. నారింజ రంగంటే క్యారెట్. ఈ వారం ఇంట్లోకి క్యారెట్ కొననే లేదు. ఎవరో పెడుతున్నారు. ఎవరని అడగాలంటే ముందు తన పాలకూర సంగతి బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా బకెట్టు కడిగింది. అప్పుడూ ఆ కొమ్ములు ఆమెకేసే తిరిగాయి. ఇంకో కాడ వేసింది. ఇంత చెప్పాక ఇంకోసారి వేసిందని దాచడమెందుకు.

శుక్రవారానికి బకెట్టడుగు పూర్తిగా నారింజ రంగైంది. క్యాంటీనమ్మ బుర్ర బద్దలు కొట్టుకుంది. మొన్న క్యాంటీన్లో క్యారెట్ తురిమించాను, ఆ తురుము నా కొంగుకు అంటుకుని వచ్చి ఇందులో రాలి ఉంటుంది అనుకుంది. బకెట్టు నిండా తినిపించేంత తురుము కొంగులో మోసుకురావాలంటే అది కొంగు కాదు, గోతం అయ్యుండాలి. కానీ ఇంట్లో ఉన్న మూడో మనిషిని అనుమానించడం కంటే కొంగును అనుమానించడం ఆమెకు తేలిక.

పైగా వదిన ఈసారి బకెట్టు దరిదాపులకే రాలేదు. ఎప్పుడూ రోజుకు నాలుగుసార్లు మూత తీసి చూసే మనిషి, ఈ వారం మరదలు వచ్చేసరికి గదిలో పడుకునే ఉంది.

ఆదివారం తెల్లవారింది. మూత తీస్తే మళ్ళీ నారింజ. ఇక కడిగి దాచే ప్రసక్తి లేదు. కడుపులు నిండా ఉన్నాయి, వాటితోపాటు మట్టీ ఉంటుంది. ఇవి వండితే మాస్టరు పంటికింద ఇసుక ఖాయం. క్యాంటీనమ్మ బకెట్టు పక్కనే ఉతుకుడు రాయి మీద కూలబడింది. అడ్డంగా అబద్ధమాడి వండేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఒకరికి పెట్టే తిండిలో మోసం ఆమె జన్మలో చేయలేదు. లేచి, చేతులు తుడుచుకుని, వదిన గదిలోకి వెళ్ళింది.

"వదినా, చెడగొట్టేశాను. మంగళవారం పాలకూర పెట్టాను, గురువారం కూడా పెట్టాను. అవి అలా చూస్తుంటే ఊరుకోలేకపోయాను. మాస్టరుగారికి ఇంకేదైనా వండుతాను. మీరు చెప్పినట్టే, ఇక నత్తల మాట ఎత్తను."

గొంతు గట్టి మనిషి ఈ మాటలు మాత్రం నేలకు చెప్పుకున్నట్టు చెప్పింది. వదిన మంచం మీద కూర్చుని, వణికే వేళ్ళను ఒడిలో దాచుకుంది.

"క్యారెట్ నువ్వు పెట్టలేదుగా?"

"లేదు వదినా. క్యాంటీను తురుమేదో నా కొంగుకు అంటుకొచ్చి..."

"నీ కొంగుకేమీ అంటలేదు. నువ్వు పనికెళ్ళాక, కూరగాయల బండివాడు వచ్చినప్పుడు పైనుంచి తాడుతో బుట్ట కిందికి దించి నేనే కొన్నాను. రోజూ రెండు తరిగి వేశాను."

వదిన కిటికీకేసి తిరిగి కూర్చుంది. తర్వాతిదంతా ఆవిడ కిటికీకే చెప్పింది.

"అమ్మ పోయిన ఏడు మొదటిసారి నేను వండాను. అమ్మ చెప్పినట్టే మూతపెట్టి రాయి పెట్టాను. అప్పుడు మా ఇంట్లో కూడా ఏమీ లేదు. తమ్ముడు ఆకలని ఏడ్చి ఏడ్చి పడుకునేవాడు. అవతల మూతకింద అవి పాకుతున్న చప్పుడు. పక్కింటివాళ్ళను అడిగి క్యారెట్ తొక్కలు తెచ్చాను. సగం కడిగి వాడికి పెట్టాను, సగం వాటికి వేశాను. అప్పటినుంచి ఏ ఏడూ ఒక్క నత్తను కూడా ఆకలితో పొయ్యెక్కించలేదు అమ్మాయ్. నా వల్ల కాలేదు."

మరి ఇసుక ఏమయ్యేదని మరదలు అడిగింది. అప్పుడు బయటపడింది తలుపు రహస్యం. కడుపు నిండిన నత్తను శుభ్రం చేయాలంటే, ఉడికించాక ఒక్కొక్కదాని పేగునూ చేత్తో తీసి, చీల్చి, కడగాలి. నాలుగైదు గంటల పని. అమ్మ చెప్పిన పద్ధతి తప్పినందుకు సిగ్గేసి, ఆ కష్టం ఎవరి కంటా పడకుండా వదిన ఇన్నేళ్ళూ తలుపేసుకుని ఒక్కతే పడింది. మరదల్ని రానివ్వనిది చేతకానిదని కాదు, చూస్తుందని. కాజాలక్క చేతి నత్తల్లో ఇసుక ఉండదని అందరూ మెచ్చుకున్న పనితనం వెనక ఉన్నది ఇదీ. క్యాంటీనమ్మ ఇరవై నాలుగేళ్ళు మోసిన బాధ అప్పటికప్పుడు దిగిపోయింది. ఆ పక్కనే, ఈవిడ ఇంత పనీ ఒక్కతే చేసుకుందే అని వదిన మీద జాలీ, కాస్త కోపమూ వచ్చాయి.

ఇంతలో డ్రైవరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఎప్పటినుంచి వింటున్నాడో గానీ, గొంతు సవరించుకుని, క్యాబేజీ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిదేమో అన్నాడు. బుధవారం రెండు ఆకులు, శనివారం ఒకటి. ఆడవాళ్ళిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది వదిన. ఆవిడ అలా పొట్ట పట్టుకుని నవ్వడం మరదలు చూడటం అదే మొదటిసారి. ఊళ్ళో ఏ నత్తలూ ఆ వారం అంత మృష్టాన్నం తిని ఉండవు.

నవ్వుతూ కూర్చుంటే పని జరగదు. అప్పటికే ఏడున్నరైంది. వదిన కుర్చీ వంటింట్లోకి చేరింది. తలుపు బార్లా తెరిచే ఉంచారు. క్యాంటీనమ్మ నత్తలను ఉప్పూ వెనిగరూ కలిపిన నీళ్ళలో వేసి రెండు చేతులతో కలియబెట్టింది. జిగురు నురగలు నురగలుగా వచ్చింది. నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉప్పు. ఎనిమిదో నీళ్ళకు గానీ జిగురు వదల్లేదు. తర్వాత మరుగుతున్న నీళ్ళలో పోసి, పైకి తేలిన నురగ తీసేస్తూ పావుగంట ఉడికించి, వార్చి, చల్లార్చింది. అప్పుడు వదిన లావుపాటి సూది తెప్పించింది. తను పట్టబోతే సూది గిన్నె అంచుకు తగిలి జారింది. ఇంకోసారి పట్టబోయి, మానేసి, మరదలి ముందుకు తోసింది.

మొదటి నత్త సగంలో తెగింది. రెండోదీ అంతే. గుల్ల మెలిక ఎటు తిరిగిందో సూదినీ అటే తిప్పమని వదిన చెప్పింది. మూడోది మెలికతో సహా సుతారంగా బయటికొచ్చింది. దాని కొసన నల్లటి భాగం ఎక్కడ మొదలైందో అక్కడ తుంచి, లోపలి పేగు చీల్చి, కడగాలి. కండ ఒక గిన్నెలోకి, గుల్ల ఇంకో గిన్నెలోకి. వదిన కళ్ళు ప్రతిదాని మీదా ఉన్నాయి. ఆపు, అక్కడ కాదు, ఇంకాస్త పైన అంటూ ప్రతి నత్తకూ ఒక మాట. నలభై దాటాక ఆ మాటలు తగ్గాయి. నూరు దాటాక, క్యాంటీను కబుర్లు చెప్పమని వదినే అడిగింది. అలిగిన బైండరు కథ చెప్తే, ఆ అబ్బాయికి ఇప్పుడు పెళ్ళయిందా అని ఆరా తీసింది.

మాస్టరు ఆకలి మీదున్నాడేమో, చెప్పిన గంటకంటే ముందే పన్నెండింటికి వచ్చేశాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. వంటింట్లో ఇంకా ఉల్లిపాయలు వేగుతున్నాయి. డ్రైవరు ఆయన్ను ముందుగదిలో కూర్చోబెట్టి, తన బస్సు తిరిగే స్టాపులన్నీ వరసగా వర్ణిస్తూ గంటన్నర కదలనివ్వలేదు. ఆ రోజు ఆ ఇంట్లో అందరికంటే కష్టపడింది అదంతా విన్న మాస్టరేనని నా అభిప్రాయం. లోపల నూనెలో ఉల్లి, వెల్లుల్లి, టమాటా మగ్గాక, క్యాంటీనమ్మ నత్తకండ వేసి, మిరియాలు దంచి చల్లి, ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. వదిన ఆ మణికట్టు పట్టుకుంది. ఆ పిడికిట్లోంచి ముక్కాలు వంతు ఉప్పు వెనక్కి పోసేదాకా వదల్లేదు. చిన్న మంట మీద గంటసేపు ఉడికింది.

భోజనాలకు నలుగురూ కూర్చున్నారు. క్యాంటీనమ్మ వడ్డించి, తన కంచం ముందు పెట్టుకుని, ముద్ద కలపకుండా మాస్టరు దవడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆయన మొదటి నత్త నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. రెండోది తిన్నాడు. తలాడించాడు. మెత్తగా, కమ్మగా ఉందని మెచ్చుకుని, మూడు, నాలుగు, ఐదు తిన్నాడు. అప్పుడు గానీ ఆమె తన ముద్ద కలపలేదు.

ఆరోదానికి కటుక్కుమంది.

చిన్న చప్పుడే, కానీ నలుగురికీ వినపడింది. మాస్టరు నాలుక కొసనుంచి ఇసుక రేణువు తీసి, మర్యాదగా కంచం అంచున పెట్టాడు. డ్రైవరు తల వంచుకున్నాడు. నూట అరవై ఒకటి బాగుండి ఏం లాభం అనుకుంది క్యాంటీనమ్మ. ఒక్క రేణువు చాలని ముందే చెప్పారు. ఇక ఈ ఇంట్లో నత్తలు లేవు, అమ్మ చేతి వంట తన చేతుల్లో ఆగిపోయింది. లేచి వెళ్ళిపోదామని చెయ్యి నేలకు ఆనించింది.

వదిన ముందుకు వంగి ఆ రేణువును చూసింది.

"అది నేను తీసిన నత్త మాస్టరూ. చెయ్యి వణికింది," అంది. "మిగతావన్నీ మా అమ్మాయి తీసింది. వాటిలో ఏమీ ఉండదు, తినండి. వచ్చే ఏడు నేను ముట్టుకోను. అంతా ఆమే చేస్తుంది."

ఆ పొద్దుటినుంచి వదిన ఒక్క నత్తను కూడా తీయలేదు. ఆ సంగతి మరదలికి తెలుసు, తమ్ముడికి తెలుసు. వదిన చేతిలో వణుకుతున్న చెంచాను చూశాక మాస్టరుకూ తెలిసే ఉంటుంది. ఆయన ఏడో నత్త నోట్లో పెట్టుకుని, కంచం మరికాస్త ముందుకు జరిపాడు. క్యాంటీనమ్మకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గరిటె నిండా తీసి, ముందు వదిన కంచంలో వేసింది.